దగ్గు విని జబ్బు చెప్పే ఫోన్‌ను ఎంతవరకు నమ్మాలి?

కిన్నెరసాని_75
మా నాన్నగారు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. వయసు డెబ్భై దాటింది, చలికాలం వచ్చిందంటే దగ్గు, ఆయాసం మామూలే. ఈ మధ్య మా ఊరి కమ్యూనిటీ హాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఊపిరితిత్తుల పరీక్షా శిబిరం పెట్టారు. ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టుకొని ఆయనచేత మూడుసార్లు దగ్గించి, ఊపిరి ఉన్నంతసేపు 'ఆ' అనిపించి, తెర మీద ఎర్ర గుర్తు రాగానే టీబీ అనుమానం ఉందని చీటీ రాసిచ్చారు. పైన ఫ్యాన్ గరగరలాడుతూనే ఉంది, వెనక వరుసలో ఉన్నవాళ్ళు దగ్గుతూనే ఉన్నారు. తర్వాత కళ్ళె పరీక్షలో టీబీ లేదని తేలింది గానీ, ఆ ఫలితం వచ్చేలోపు మా అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టేసింది, మనవలను దగ్గరకు రానివ్వలేదు. దగ్గునూ గొంతునూ విని ఊపిరితిత్తుల జబ్బు చెప్పడం అసలు సాధ్యమేనా, లేక ఇది ఫోన్‌లో చెప్పే సోదా? తెలిసినవారు వివరించగలరు.

అట్లాంటా_అల్లుడు
సోదమ్మ అయితే కనీసం మన ముఖం చూసి చెబుతుంది.

ఛాతీవైద్యం_గుంటూరు
ముందుగా ఒక మాట, మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి: టీబీ కంచాల వల్ల, గ్లాసుల వల్ల అంటుకోదు, గాలి ద్వారా వస్తుంది. నిజంగా టీబీ ఉన్న ఇంట్లో కూడా కంచం వేరు పెట్టడం కంటే కిటికీలు తెరిచి పెట్టడం మేలు.

ఇక మీ ప్రశ్న. దీన్ని సోది అనడం అన్యాయం. విని జబ్బును అనుమానించడం 1816లో ఫ్రాన్సులో లెన్నెక్ స్టెతస్కోపును కనిపెట్టినప్పటి నుంచి మా వృత్తిలో సగం పని. ఇప్పటికీ వీపు మీద స్టెతస్కోపు పెట్టి రోగిని అంకెలు పలకమంటాం. న్యుమోనియాతో గట్టిపడిన భాగం మీద ఆ మాట చెవి పక్కనే అన్నంత స్పష్టంగా వినిపిస్తుంది, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన చోట అణగిపోతుంది. వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే మనిషిని గది గుమ్మం దగ్గరే గుర్తుపడతాం. అయితే స్టెతస్కోపు ఛాతీ మీద ఉంటుంది, ఫోన్ నోటికి మూరెడు దూరంలో ఉంటుంది. ఊపిరితిత్తుల లోపలి శబ్దం గొంతు, నోరు, ముక్కు, గది గోడలు అన్నీ దాటుకొని, మీరన్న ఫ్యాన్ మోతతో కలిసి అక్కడికి చేరుతుంది. కాబట్టి సాధ్యమా అంటే కొంతవరకు సాధ్యమే. జబ్బు పేరు చెప్పేంతగా సాధ్యమా అంటే నాకు ఇంకా అనుమానమే.

ధ్వనిబెంగళూరు
పై పోస్టులో చివరి మాట తప్ప మిగతాదంతా ఒప్పుకుంటాను. నేను పదేళ్ళకు పైగా మాట, శబ్దాల విశ్లేషణలో ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఒక్క దగ్గు సుమారు అర సెకను ఉంటుంది. మూసుకున్న స్వరపేటిక ఒక్కసారిగా తెరుచుకోగానే పేలుడు లాంటి భాగం, ఆ వెంటనే గాలి దూసుకుపోయే భాగం, చివర కొందరిలో గొంతు పలికే చిన్న తోక. కాలం ఒకవైపు, పౌనఃపున్యం మరొకవైపు పెట్టి దీన్ని బొమ్మగా గీస్తే, పొడి దగ్గు మధ్య భాగం శుభ్రంగానూ, కళ్ళె నిండిన దగ్గు అదే చోట గీతలు గీతలుగా చెదిరిపోయినట్టూ కనిపిస్తుంది. సాగదీసిన 'ఆ'లో స్వరం ఎంత నిలకడగా ఉంది, ఎన్ని సెకన్లు నిలిచింది అని కొలుస్తాం. మాటలో అయితే ఎన్ని మాటలకు ఒకసారి ఊపిరి తీసుకున్నారు, ఆ విరామం ఎంతసేపు అని చూస్తాం. కోవిడ్ మొదలైన 2020లోనే మా బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు 'కోస్వర' పేరుతో శ్వాస, దగ్గు, అచ్చులు, ఒకటి నుంచి ఇరవై వరకు మామూలుగానూ వేగంగానూ లెక్కపెట్టడం, ఇవన్నీ రికార్డు చేయించి ఎవరైనా పరిశోధనకు వాడుకునేలా అందుబాటులో పెట్టారు. గూగుల్ 'హియర్' అనే కృత్రిమ మేధ నమూనాను దాదాపు 30 కోట్ల చిన్న చిన్న శబ్ద ఖండాలతో తయారు చేసింది. అందులో సుమారు 10 కోట్లు దగ్గులే. మన హైదరాబాద్‌కు చెందిన సాల్‌సిట్ టెక్నాలజీస్ 'శ్వాస' అనే దగ్గు విశ్లేషణ వేదికను నిర్మించింది. టీబీ విషయంలో దాని పరిశీలన విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో జరిగి 2023లో ప్రచురితమైంది. ఇంత పని జరుగుతున్న రంగాన్ని ఒక్క శిబిరం అనుభవంతో కొట్టేయకూడదు.

నిర్వాహకుడు
కిన్నెరసాని గారి శిబిరంలో ఏ యాప్ వాడారో ఆయనా చెప్పలేదు, మనకూ తెలియదు. ఫలానా కంపెనీదే అయ్యుంటుంది అని ఎవరూ ఊహించి రాయవద్దు. ఆ ఊహలు రాసిన రెండు పోస్టులు తొలగించాను.

లెక్కలపంతులు
ధ్వనిబెంగళూరు గారూ, ఎన్ని కోట్ల దగ్గులు పోగేశారన్నది కాదు ప్రశ్న, యంత్రం వాటిలో దేన్ని నేర్చుకుంది అన్నది ప్రశ్న. కోవిడ్ కాలం నాటి కథ ఇక్కడ చెప్పి తీరాలి.

2020లో అమెరికాలోని ఎంఐటీ బృందం ఒకటి, దగ్గు రికార్డింగులతో కోవిడ్ ఉన్నవారిని 98.5 శాతం పట్టుకోగలమని, లక్షణాలు లేనివారిలోనైతే నూటికి నూరు శాతం పట్టుకోగలమని ప్రకటించింది. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. ఆ తర్వాత బ్రిటన్‌లో 67 వేల మందికి పైగా మనుషుల నుంచి, ప్రయోగశాల పరీక్ష ఫలితంతో సహా, దగ్గు, ఊపిరి, ఒక వాక్యం రికార్డు చేశారు. మామూలుగా లెక్కిస్తే యంత్రం బాగానే పనిచేసింది: 0.5 అంటే బొమ్మాబొరుసు వేయడం, 1 అంటే తిరుగులేని గుర్తింపు అనుకునే కొలమానంలో 0.846 వచ్చింది. అప్పుడు వాళ్ళు ఒకే వయసు, ఒకే లింగం, ఒకే లక్షణాలు ఉన్నవారిని జతలుగా చేసి, ఒకరికి కోవిడ్ ఉండి మరొకరికి లేకుండా చూసి మళ్ళీ లెక్కించారు. అదే యంత్రం 0.619కి పడిపోయింది. అంటే అది వింటున్నది చాలావరకు కోవిడ్‌ను కాదు, 'ఈ మనిషికి ఒంట్లో బాగాలేదు' అన్న సంగతిని. ఆ సంగతి 'మీకు దగ్గు ఉందా, జ్వరం ఉందా' అని అడిగితే ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. 2024లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఆ పత్రం, లక్షణాలు అడిగి తెలుసుకునే పద్ధతి కంటే శబ్దం మెరుగు అనడానికి ఆధారం లేదని శీర్షికలోనే తేల్చేసింది.

అట్లాంటా_అల్లుడు
ఆ బ్రిటన్ వాళ్ళు చదివించిన వాక్యం ఏమిటో తెలుసా? మధ్యాహ్నం పూట క్రీమ్ టీ కంటే తమకు ఇష్టమైనది లేదని. మన దగ్గర పెడితే ఆవకాయ అన్నం గురించి చదివించాల్సి వస్తుంది, అప్పుడు నోరూరి అందరి గొంతూ మారిపోతుంది.

తంబూర
నవ్వులాటకు అన్నా అందులో విషయం ఉంది, గొంతు మారడానికి కారణాలు చాలా ఉంటాయి. నేను సంగీతం పాఠాలు చెబుతాను, ఉబ్బసం ఉంది, రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడతాను. పై షడ్జమం దగ్గర గొంతు బొంగురుపోవడం మొదలైతే ఉబ్బసం పెరిగిందేమోనని భయపడి వెళ్ళాను. ఊదే పరీక్షలో ఊపిరి బాగానే ఉంది, గొంతును మార్చింది ఆ ఇన్‌హేలర్ మందే అని డాక్టరు చెప్పారు. స్పేసర్ గొట్టం తగిలించుకొని, పీల్చిన ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి ఉమ్మడం మొదలుపెట్టాక చాలావరకు సర్దుకుంది. ఇప్పుడు నా 'ఆ' విన్న యంత్రం దేన్ని కనిపెట్టినట్టు? జబ్బునా, జబ్బు అదుపులో ఉండటానికి నేను వాడుతున్న మందునా?

ఛాతీవైద్యం_గుంటూరు
తంబూర గారి ప్రశ్న ఈ చర్చ మొత్తంలోకీ పదునైనది. చుట్ట, సిగరెట్, పుల్లటి తేన్పులు, థైరాయిడ్, ఉదయం నుంచి తరగతిలో అరవడం, ఇవన్నీ గొంతును మారుస్తాయి. దానికి తోడు ఇంకో వైపు చూడండి. ఎడమ స్వరతంతువుకు వెళ్ళే నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని చుట్టూ తిరిగి మళ్ళీ పైకి వస్తుంది. అక్కడ ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డ నొక్కితే మొదటి లక్షణం బొంగురు గొంతే కావచ్చు. మూడు వారాలు దాటిన బొంగురు గొంతును ఎవరూ 'చల్లనీళ్ళు తాగాను' అని సర్దిచెప్పుకోకూడదు, ముఖ్యంగా పొగ తాగేవాళ్ళు. ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూస్తే నిమిషాల్లో తేలుతుంది.

కోవిడ్ అప్పటి మరో ముచ్చట. ఒక్క ఊపిరిలో ముప్పై వరకు లెక్కపెట్టించి, ఎంతవరకు వచ్చారో చూసి రక్తంలో ఆక్సిజన్ తగ్గిందో లేదో ఫోన్‌లోనే చెప్పవచ్చని రాత్ స్కోర్ అనే పద్ధతి ఒకటి ప్రచారమైంది. పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ నిపుణులు దాన్ని వాడవద్దని చెప్పారు, ఎందుకంటే తప్పుడు ధైర్యం ఇచ్చే ప్రమాదం ఉంది. ఒక పక్క వేగంగా లెక్కపెట్టేవాళ్ళు, మరో పక్క ఆక్సిజన్ పడిపోయినా మామూలుగా మాట్లాడే కోవిడ్ రోగులు. అంత సులువైన కొలతే కాలు జారిన చోట నేను జాగ్రత్తగా ఉంటాను.

ధ్వనిబెంగళూరు
డాక్టరుగారి చెవిని గౌరవిస్తూనే ఒక సంగతి గుర్తు చేస్తాను. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయం వాళ్ళ 'కఫ్‌విడ్' సేకరణలో కొన్ని వేల దగ్గులకు నలుగురు వైద్యులతో గుర్తులు వేయించారు. ఒకే దగ్గు విని ఇది ఏ జబ్బు అన్న విషయంలో ఆ నలుగురి మధ్యా పెద్దగా ఏకాభిప్రాయం కనబడలేదు. శబ్దం ఒక్కదానితో యంత్రానికి చేతకాకపోతే, మనిషికి మాత్రం ఎక్కడ చేతనయింది?

ఛాతీవైద్యం_గుంటూరు
చేతకాలేదనే నేనూ అంటున్నాను. అందుకే దగ్గు విని చీటీ రాయం, ఎక్స్‌రే తీయిస్తాం.

ఫీల్డ్_అక్క
ఎక్స్‌రే తీయిస్తాం అన్నంత తేలిక కాదండీ. నేను ఏజెన్సీ మండలంలో పనిచేస్తాను. మా గూడేల నుంచి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి రావాలంటే రానూపోనూ ఆటో ఖర్చు ఒకటి, ఆ రోజు కూలి పోవడం ఒకటి. రెండు వారాలకు మించి దగ్గు ఉందా అని అడిగితే సగం మంది లేదనే అంటారు, ఉందంటే టీబీ అని ముద్ర వేస్తారని భయం. మాట దాచుకోగలరు, దగ్గు దాచుకోలేరు. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో వాధ్వానీ ఏఐ అనే సంస్థ వాళ్ళు చేసిన దగ్గు యాప్ వాడకంలోకి వచ్చిందని మా శిక్షణలో చెప్పారు. అలాంటిది చేతిలో ఉంటే, ముందు ఎవరి కళ్ళె డబ్బా పంపాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని నా అభిప్రాయం. జబ్బు పేరు చెప్పడానికి కాదు. కిన్నెరసాని గారి శిబిరంలో జరిగిన తప్పు దగ్గించడం కాదు, చీటీ మీద టీబీ అని రాసి ఇంటికి పంపించేయడం. అక్కడికక్కడే కళ్ళె డబ్బా ఇచ్చి ట్రూనాట్‌కు, అంటే కళ్ళెలో టీబీ క్రిమిని పట్టే యంత్ర పరీక్షకు పంపి, 'ఇది పరీక్ష కాదు, పరీక్ష అవసరమా అని చూడటం మాత్రమే' అని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు.

లెక్కలపంతులు
ఫీల్డ్_అక్క గారు చెప్పిన తేడానే అంకెల్లో చూపిస్తాను, అప్పుడు కిన్నెరసాని గారి నాన్నగారికి ఎర్ర గుర్తు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. టీబీ వడపోత పరీక్ష కనీసం 90 శాతం రోగులను పట్టుకోవాలి, జబ్బు లేనివారిలో కనీసం 70 శాతాన్ని వదిలేయాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో గీత గీసింది. ఒక యాప్ సరిగ్గా ఆ గీతను అందుకుందని అనుకుందాం. శిబిరానికి వెయ్యి మంది వచ్చారు, వారిలో పది మందికి టీబీ ఉంది అనుకుందాం. యాప్ తొమ్మిది మందిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో 30 శాతం, అంటే 297 మందికి జబ్బు లేకున్నా ఎర్ర గుర్తు వస్తుంది. మొత్తం 306 ఎర్ర గుర్తుల్లో నిజమైనవి తొమ్మిదే. యాప్ చెడిపోలేదు, చెప్పినట్టే పనిచేసింది. ఆ 306 మందికీ చీటీ మీద 'టీబీ అనుమానం' అని రాసినవాళ్ళే లెక్క తప్పారు.

కిన్నెరసాని_75
ఈ లెక్క ఆ శిబిరంలోనే ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ వారం వేరేగా గడిచేది. అయితే నాకు ఇంకో సందేహం. 306 మందికి కళ్ళె పరీక్ష చేసి తొమ్మిది మందిని పట్టుకోవడం కంటే, దగ్గు ఉందని చెప్పినవాళ్ళకే నేరుగా పరీక్ష చేస్తే సరిపోదా?

లెక్కలపంతులు
నేను పైన వాదించింది అదే.

ఫీల్డ్_అక్క
సరిపోదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ టీబీ సర్వే మాకు శిక్షణలో చూపించారు. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే, ఆ సర్వేలో బయటపడిన టీబీ కేసుల్లో దాదాపు 43 శాతం దొరికేవే కావు. లక్షణాలు ఉన్నవారిలో కూడా 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. అడిగి తెలుసుకోవడం దగ్గరే ఆగిపోతే వీళ్ళంతా ఇంట్లోనే ఉండిపోతారు.

లెక్కలపంతులు
ఆ 43 శాతాన్ని పట్టింది ఎక్స్‌రే, దగ్గు యాప్ కాదు. లక్షణాలు లేని టీబీ మనిషి కావాలని దగ్గితే అందులో తేడా వినిపిస్తుందని రుజువు కావాలి. చేతిలో పట్టుకెళ్ళే ఎక్స్‌రే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి, ఆ ఎక్స్‌రేను కంప్యూటర్‌తో చదివించడాన్ని పదిహేనేళ్ళు నిండినవారి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. ఏజెన్సీకి పంపాల్సింది ముందు అది.

ఫీల్డ్_అక్క
పంపమనండి, నేను వద్దన్నానా? యంత్రం జిల్లాకు ఎన్ని వస్తాయి, మా వంతు ఎప్పుడు వస్తుంది అన్నది మీ లెక్కలో లేదు. ఫోన్ ఈ రోజు నా సంచీలో ఉంది.

ధ్వనిబెంగళూరు
ఇద్దరి మాటా నిజమే గానీ, మధ్యలో ఒక పని జరుగుతోందని చెప్పాలి. భారత్, వియత్నాం, ఫిలిప్పీన్స్, మడగాస్కర్, దక్షిణాఫ్రికా, టాంజానియా, ఉగాండా, ఈ ఏడు దేశాల ఆసుపత్రులకు దగ్గుతో వచ్చిన రెండు వేల మందికి పైగా రోగుల దగ్గులతో టీబీని ఎవరి నమూనా బాగా పడుతుందో చూడటానికి 'కోడా టీబీ' అనే పోటీ పెట్టారు. అందరికీ ప్రయోగశాల పరీక్ష జరిగింది, అందరూ దగ్గుతో వచ్చినవారే, కాబట్టి బ్రిటన్ లెక్కలో బయటపడిన చిక్కు ఇందులో చాలావరకు తగ్గుతుంది. అందులో తేలింది పంతులుగారికి కూడా నచ్చాలి: దగ్గు శబ్దం ఒక్కటే ఇచ్చినప్పటి కంటే, వయసు, బరువు, జ్వరం, ఎన్నాళ్ళుగా దగ్గు లాంటి వివరాలు కలిపినప్పుడు నమూనాలు మెరుగయ్యాయి. అడగడమా, వినడమా అని తగవు పడాల్సిన పని లేదు, రెండూ కలిపి వాడుకోవాలి.

లెక్కలపంతులు
కలిపితే వివరాలకు శబ్దం ఎంత అదనంగా తోడైందో అదీ చెప్పమనండి. మార్కులన్నీ వివరాలు తెచ్చి, పేరు మాత్రం దగ్గుకు వస్తే నేను ఒప్పుకోను.

తాళంచెవి
అందరూ దగ్గు గురించే మాట్లాడుతున్నారు, ఆ రికార్డింగు ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. దగ్గు సంగతి పక్కన పెట్టినా, 'ఆ' అన్నది మనిషి గొంతు. దాని పక్కన పేరు, ఊరు, ఫోన్ నంబరు, జబ్బు అనుమానం ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు ఉండాలి, ఆ నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే అవకాశం ఇవ్వాలి. కిన్నెరసాని గారూ, మీ నాన్నగారిచేత సంతకం పెట్టించుకున్నారా?

కిన్నెరసాని_75
ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట. ఆయన ప్రతి నెలా పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టే మనిషి, పెన్ను అడిగితే 'టైం లేదు పెద్దాయనా' అన్నారట.

తాళంచెవి
ఆ సంస్థకు తెలుగులో రాతపూర్వకంగా అడగండి: రికార్డింగు ఎక్కడ ఉంది, ఎవరికి ఇచ్చారు, తీసేయమంటే తీసేస్తారా. ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.

ఛాతీవైద్యం_గుంటూరు
ఈ వాదనల్లో అసలు రోగి మరుగున పడిపోతున్నాడు. కిన్నెరసాని గారూ, టీబీ లేదన్నారు, సంతోషం. మరి చలికాలం దగ్గు, ఆయాసం ఎందుకు? బొగ్గు ధూళి ఏళ్ళ తరబడి పీల్చిన మనిషికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టవచ్చు, గాలి గొట్టాలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఎక్స్‌రేతో పాటు స్పైరోమెట్రీ చేయించండి. గట్టిగా పీల్చి బలమంతా పెట్టి ఊదమంటారు. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి మొత్తం గాలిలో 70 శాతం కంటే తక్కువ ఉంటే, అదీ మందు పీల్పించి మళ్ళీ ఊదించిన తర్వాత కూడా అలాగే ఉంటే, సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు శాశ్వతంగా బిగుసుకుపోయే జబ్బు అని ఆలోచిస్తాం. గనిలో ఏ పని, ఎన్నేళ్ళు చేశారో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, గని ధూళి వల్ల వచ్చిన జబ్బు అని తేలితే పరిహారం విషయంలో ఆ రాత అవసరం పడుతుంది. మీ అమ్మగారు కట్టెల పొయ్యి మీద వండి ఉంటే ఆవిడకు కూడా ఊదే పరీక్ష చేయించండి, మా ఓపీలో పొగ తాగని ఆడవాళ్ళకు సీఓపీడీ కనబడేది ఆ పొగ వల్లే.

కిన్నెరసాని_75
పొయ్యి ముందు ముప్పై ఏళ్ళు ఊదింది. ఇద్దరినీ తీసుకెళ్తాను. మీరన్న పరిహారం సంగతి నాన్నగారికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అట్లాంటా_అల్లుడు
ఈసారి నిజంగానే అడుగుతున్నాను. మా అత్తగారు నెల్లూరులో ఒంటరిగా ఉంటారు, ఉబ్బసం ఉంది. దగ్గు ఎక్కువైనప్పుడు వాట్సాప్‌లో వాయిస్ పంపిస్తారు. దాన్ని ఇలాంటి యాప్‌లో ఎక్కించి చూడవచ్చా?

ధ్వనిబెంగళూరు
పనికిరాదు. వాట్సాప్ వాయిస్‌ను చిన్నదిగా కుదించి పంపుతుంది. దానికి ముందే ఫోన్‌లోని మోత తగ్గించే ఏర్పాటు మాటను మాత్రమే ఉంచాలని చూసి, దగ్గును కూడా మోతలాగే కోసేయవచ్చు. పాత తరహా ఫోన్ కాల్ అయితే ఇంకా ఇరుకు, 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే దాటనిస్తుంది. పిల్లికూతలు అందులో కొంత వినబడినా, పైన జరిగేదంతా పోతుంది. ఏ ఫోన్‌తో, ఏ పద్ధతిలో రికార్డు చేసిన దగ్గులతో నేర్పారో అదే పద్ధతిలో తీస్తేనే యాప్ జవాబుకు విలువ ఉంటుంది.

ఛాతీవైద్యం_గుంటూరు
వీడియో కాల్ చేయండి. ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారా చూడండి. పీల్చేటప్పుడు మెడ కండరాలు లాగుతున్నాయా, పెదవులు నల్లబడ్డాయా చూడండి. ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనిపెట్టి, బాగున్న రోజుల్లో ఊదిన అంకెను గోడ మీద రాయించండి. ఆ అంకెలో సగానికి పడిపోయినా, నాలుగు మాటలు కలిపి చెప్పలేకపోయినా, డాక్టరు రాసిచ్చిన ఉపశమన ఇన్‌హేలర్ పీల్చమని, పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి 108ని పిలిపించండి.